బొట్టు పెట్టిన రివాల్వర్

నగల దుకాణం గుమ్మం పక్కన తుపాకీతో నిలబడే మనిషిని మీరంతా చూసే ఉంటారు. కానీ అతని ముఖం ఎలా ఉందని అడిగితే చెప్పలేరు. అందులో మీ తప్పేం లేదు. లోపల అంత బంగారం మెరుస్తుంటే బయట ఉన్న మీసాలవాణ్ణి ఎవరు చూస్తారు? పంజాగుట్టలో అలాంటి ఒక గుమ్మం పక్కన ఏళ్ల తరబడి నిలబడ్డవాణ్ణి నేను. మోకాళ్లు మొరాయించాక ఇంట్లో కూర్చున్నాను. ఎప్పుడైనా మెట్రోలో అమీర్‌పేట వైపు పోతుంటే కిటికీలోంచి మా షాపు బోర్డు కనిపిస్తుంది. బోగీలో అందరూ ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. నేను తల అటు తిప్పుకుంటాను.

ఈమధ్య సెక్యూరిటీ పనిలో కొత్తగా చేరిన తమ్ముళ్లు కొందరు ఎదురైతే, "అన్నా, గా వీడియోల ఉన్నది మీరేనంటగా! మీ ఓపిక గురించి మాకు ట్రైనింగుల జెప్పిన్రు" అంటున్నారు. దండం కూడా పెడుతున్నారు. నేనేదో గొణిగి పక్కకు తప్పుకుంటున్నాను. ఇలా ఎంతకాలం తప్పుకోను? అందుకే రాస్తున్నాను. ఆ వీడియోలో ఉన్నది నేనే. మీకు చెప్పిన ఓపిక కథ మాత్రం నాది కాదు.

మాది సిరిసిల్ల వైపు. మా నాన్న మరమగ్గం నడిపేవాడు. ఆ చప్పుడు పడలేక తుపాకుల చప్పుడులోకి పోయానని మా ఇంట్లో వెక్కిరించేవాళ్లు. మిలిటరీలో హవల్దారుగా పనిచేసి బయటికొచ్చాక హైదరాబాద్ చేరాను. మా పనిలో ఒక వింత ఉంది. కూలికి పోయేవాడు తన పార తానే తెచ్చుకున్నట్టు, ప్రైవేటు గన్‌మన్ తన తుపాకీ తానే తెచ్చుకోవాలి. లైసెన్సు, ఆయుధం రెండూ చేతిలో ఉంటే నగల షాపు గుమ్మం, మంచి యూనిఫాం, జనం పక్కకు జరిగి ఇచ్చే దారి. లేకపోతే ఒక కర్ర, ఒక విజిల్, లిఫ్టు పక్కన ఒక స్టూలు. నాకు మొదట దొరికింది స్టూలే. అమీర్‌పేటలో అంతస్తుకో కోచింగ్ సెంటర్ ఉన్న బిల్డింగు అది. కంప్యూటర్ కోర్సులకు వచ్చే పిల్లలు "అంకుల్, లిఫ్ట్ పనిచేస్తుందా?" అని అడిగేవాళ్లు. సరిహద్దు కాచినవాణ్ణి లిఫ్టు సంగతి అడుగుతారా అని లోపల ఉడికిపోయేవాణ్ణి. పాపం, వాళ్లకు పై అంతస్తుకు పోవాలి, అంతే.

మా బిల్డింగు పక్కనే ఒక బ్యాంకు బ్రాంచి ఉండేది. దాని గుమ్మం దగ్గర ఒక పెద్దాయన రివాల్వర్‌తో డ్యూటీ చేసేవాడు. కాకినాడ వైపు మనిషి. తెల్లటి గడ్డం, నడుముకు తోలు సంచిలో రివాల్వర్, చేతిలో ఎప్పుడూ ఒక గొడుగు. టీ వేళకు ఇద్దరం ఒకే బండి దగ్గర చేరేవాళ్లం.

"ఏంటి తమ్ముడూ, ఇవాళ కూడా లిఫ్టు పనిచేయట్లేదా?" అని నవ్వేవాడు.

ఒకరోజు నవ్వకుండా, కళ్లలో పొరలు వచ్చాయనీ, బ్యాంకువాళ్లు ఇక చాలన్నారనీ చెప్పాడు. రివాల్వర్ తీసుకెళ్లి పోలీస్ స్టేషన్‌లో అప్పగించేస్తానన్నాడు.

"స్టేషన్ల ఎందుకు పెద్దాయన? నాకియ్యుండ్రి. లైసెన్సు నేను తెచ్చుకుంట. గీ స్టూలు మీదికెల్లి లేస్త" అన్నాను.

ఆయన వెంటనే సరే అనలేదు. చూద్దాం అన్నాడు. తర్వాత కలిసినా చూద్దామనే అన్నాడు. ధర పెంచడానికి నాన్చుతున్నాడనుకున్నాను. ఒక మనిషి వెనకాడితే నాకు అప్పట్లో అంతకంటే గొప్ప కారణం తోచేది కాదు. చివరికి వాళ్ల ఆవిడే "ఇచ్చెయ్యండీ, ఆ అబ్బాయి ఉద్యోగం చేసుకుంటాడు" అని నా తరఫున మాట్లాడింది.

లైసెన్సు, అనుమతులు, విచారణలు అన్నీ అయ్యాక అమీర్‌పేట సందులో వాళ్ల మేడమీది గదికి వెళ్లాను. ఆయన పెట్టె తెరిచి రివాల్వర్ నా చేతికిచ్చాడు. నేను పెద్ద ఆఫీసర్‌లా తనిఖీ మొదలుపెట్టాను. తూటాలు పెట్టే చక్రం తెరిచి గిర్రున తిప్పాను. గొట్టంలోకి ఒక కన్ను మూసి చూశాను. నంబరు చదివాను. మిలిటరీలో అయితే మొదట చూసేది ఇవేవీ కావు. వెనక సుత్తిలాంటి హ్యామర్ ఉంటుంది, దాని ముందు చిన్న ముక్కులా ఒక ముల్లు ఉంటుంది. ఆ ముక్కు వచ్చి తూటా వెనక పొడిస్తేనే పేలుతుంది. ముక్కు బాగుంటేనే ఆయుధం ఆయుధం. అది నేను చూడలేదు. పెద్దమనిషి ముందు అంత అనుమానంగా చూస్తే బాగుండదనుకున్నానని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజం అది కాదు. గోడకున్న అద్దంలో, నా నడుముకు అది ఎలా నప్పిందో చూసుకోవడంలో పడిపోయాను.

ఆయన ఏదో చెప్పబోయినట్టు పెట్టె మూత మీద చెయ్యి పెట్టి, "తమ్ముడూ, దీని సంగతి ఒకటి..." అన్నాడు.

నేను చెప్పనివ్వలేదు. "దీని సంగతి నాకు ఇడిసిపెట్టుండ్రి పెద్దాయన. మిలిటరీల నా గురి ఒక్కపారి సుత తప్పలే. ఒత్తిన్నంటే ఎదుటోడు పడాల్సిందే" అన్నాను.

ఆయన నా వైపు కాసేపు చూసి పెట్టె మూసేశాడు. "దసరాకి పసుపు కుంకుమ పెట్టుకో. అంతకు మించి దీనికి పని చెప్పకు" అన్నాడు. ముసలాయన చాదస్తం అనుకుని నవ్వుకుంటూ మెట్లు దిగాను.

పంజాగుట్ట షాపు సేటుది మా వైపు కుటుంబమే. బట్టల వ్యాపారంలోంచి బంగారంలోకి వచ్చారు. నన్ను చూడగానే "హవల్దార్ సాబ్, మీ అసొంటోడే కావాలె" అని పెట్టుకున్నాడు. మీసం పెంచాను. బూట్లు అద్దంలా తుడిచేవాణ్ణి. అమ్మానాన్నలతో వచ్చే పిల్లలు నా నడుము వైపు వేలు చూపించి "అంకుల్, నిజం గన్నా?" అని అడిగేవాళ్లు. "నిజమే" అని గంభీరంగా చెప్పేవాణ్ణి. రివాల్వర్‌ను రోజూ తుడిచేవాణ్ణి, బయట బయట. కొన్నాక ఒక్కసారైనా కాల్చి చూశావా అని మీరడగొచ్చు. నగరం నడిబొడ్డున ఎక్కడ కాలుస్తాం? మనకిచ్చే తూటాలే కొన్ని, ప్రతిదానికీ సమాధానం చెప్పుకోవాలి. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో అప్పగిస్తే వాళ్లు నంబరు చూసి తీసుకుంటారు, మళ్లీ నంబరు చూసి ఇస్తారు. మా పనిలో ఉన్నవాళ్లలో చాలామంది తుపాకీ పేలుతుందన్న నమ్మకం మీదే పింఛనుదాకా నెట్టుకొస్తారు.

ఇక ఆ రోజు. అక్షయ తృతీయ. బంగారం షాపులో ఆ రోజు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. బయట షామియానా, మజ్జిగ గ్లాసులు, ఎండలో క్యూ, లోపల ఇసుక వేస్తే రాలనంత జనం. ఒక స్కూటర్ మీద మొగుడూ పెళ్లాం వచ్చారు. అతను సన్నగా ఉన్నాడు, మెడలో కొలతల టేపు తీయడం మర్చిపోయి అలాగే వచ్చాడు. ఆమె ఒళ్లో ఎర్ర చేతిసంచి, మెడలో పసుపుతాడుకు పసుపుకొమ్ము. అరిగిన పుస్తెలు ఇచ్చి కొత్తవి చేయించుకోవడానికి వచ్చారని చూస్తేనే తెలుస్తోంది.

"అన్నా, బండి గీడ పెట్టొచ్చా?" అని అతను నన్నే అడిగాడు.

అక్కడ పెడితే ట్రాఫిక్‌వాళ్ల క్రేన్ బండి ఎత్తుకుపోతుందని నాకు తెలుసు. రోజూ చూస్తున్నదే. "పెట్టకు తమ్మీ, వెనక సందులో పెట్టుకో" అంటే సరిపోయేది. కానీ గన్‌మన్‌ని పార్కింగ్ గురించి అడుగుతాడా అని నాకు పొడుచుకొచ్చింది. అతని తల మీదుగా రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. అతను కాసేపు ఆగి, అక్కడే పెట్టి లోపలికి పోయాడు. నేను చేసిన మొదటి తప్పు ఇది. దీన్ని ఏ కెమెరా పట్టలేదు.

మధ్యాహ్నం ఎండ మండుతోంది. ఉన్నట్టుండి లోపల ఆడగొంతు ఒకటి కేక పెట్టింది. "గాజు! గాజు పోయింది! పట్టుకోండి!" ఆ వెంటనే అద్దాల తలుపు దభాల్న తెరుచుకుంది. ఎర్ర సంచి గుండెలకు హత్తుకుని ఒక మనిషి బయటికి దూకి రోడ్డు వైపు పరుగుతీశాడు.

"ఆగు!" అన్నాను. ఆగలేదు. రివాల్వర్ తీశాను. "ఆగు! కాలుస్త!"

అతను ఆగి నా వైపు తిరిగాడు. మా ఇద్దరి మధ్యా ఒక మంచం పట్టేంత దూరం కూడా లేదు. మెడలో ఆ టేపు అలాగే ఉంది. అతనేదో అరిచాడు, నాకు వినబడలేదు. సంచిలో చెయ్యి పెట్టాడు.

నేను ట్రిగ్గర్ ఒత్తాను.

హ్యామర్ లేచి పడింది. టక్కుమంది, అంతే. తూటా తుస్సుమందనుకున్నాను. మొదటిది కంగారులో జరిగిందని కోర్టులోనైనా, దేవుడి దగ్గరైనా చెప్పుకోవచ్చు. కానీ ఆ టక్కుకీ తర్వాతి దానికీ మధ్య అతని ముఖం నాకు స్పష్టంగా కనిపించింది. నోరు తెరిచి ఉంది. భయపడ్డ మనిషి, చేతులు వణుకుతున్న మనిషి అని తెలుస్తూనే ఉంది. అయినా మళ్లీ ఒత్తాను. మళ్లీ టక్.

సంచిలోంచి అతని చెయ్యి బయటికొచ్చింది. చేతిలో స్కూటర్ తాళంచెవి, పాలిథిన్ కవర్లో బండి కాగితం.

మీద పడి పట్టుకున్నాను. పెనుగులాటలో అతను నా చొక్కా పట్టుకుంటే గుండీ ఊడి ఎగిరిపోయింది. సేల్స్‌వాళ్లు పరుగెత్తుకొచ్చారు. వెనకే అతని భార్య. "మా ఆయన దొంగ గాదు! బండి! గాడ బండి లేపుకపోతున్నరు!" అని ఏడుస్తూ రోడ్డు వైపు చెయ్యి చూపించింది. అప్పుడు చూశాం. క్రేన్ బండి వాళ్ల స్కూటర్‌ను వేలాడదీసుకుని ఫ్లైఓవర్ కిందుగా నింపాదిగా పోతోంది. లోపలి నుంచి అద్దంలోంచి దాన్ని చూసి అతను పరుగెత్తుకొచ్చాడు. పోయిన గాజు సంగతి కూడా ఆలోపే తేలింది. కేక పెట్టినావిడే ఒక గాజును మోచేతి పైకి తోసుకుని, ఇంకోటి వేసుకుని చూసుకుంటూ పైదాన్ని మర్చిపోయింది. జాకెట్టు చేతి కింద దొరికింది.

అందరూ ఫక్కున నవ్వారు. నేను కూడా నవ్వాను. అది కూడా చెప్పాలి.

అతను మాత్రం నవ్వలేదు. నా తోలు సంచిలోకి వెళ్లిన రివాల్వర్‌ను చూశాడు, తర్వాత నా కుడిచేతి చూపుడువేలును చూశాడు. భార్యను ఆటో ఎక్కించుకుని స్కూటర్‌ను వెతుక్కుంటూ పోయాడు. ఆమె మెడలో పసుపుకొమ్ము అలాగే ఉంది.

స్టోర్‌రూమ్‌లోకి పోయి తలుపేసుకుని చక్రం తెరిచాను. తూటాల వెనక చిన్న గీత కూడా లేదు. హ్యామర్ వెనక్కి లాగి చూస్తే ముక్కు కొన బియ్యపు గింజంత అరగదీసి ఉంది. ఆకురాయి గీతలు సన్నగా మెరుస్తున్నాయి. అది తూటాను ఎన్నటికీ అందుకోదు. ఇన్ని నెలలుగా నేను నడుముకు కట్టుకుని తిరిగింది ఒక ఇనప ముక్క. ఆ క్షణంలో నాకేమనిపించిందో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. ఒక మనిషి బతికాడన్న సంతోషం రాలేదు. ముసలాడు మోసం చేశాడని ఒళ్లు మండిపోయింది.

తలుపు తీసేసరికి సేటు ఎదురుగా ఉన్నాడు, చేతిలో ఫోన్. గుమ్మం మీది కెమెరాలో పడిన వీడియో చూపించాడు. అది నా వీపు వెనకనుంచి తీసింది. నేను రివాల్వర్ చాపి రాయిలా నిలబడి ఉన్నాను, ఎదురుగా మనిషి, పేలుడు లేదు. నా వేలు కనబడదు.

"ఏం ఓపికయ్యా! చేతుల తుపాకి వెట్టుకొని గుండె గట్టిగ జేసుకున్నవ్ సూడు! వేరేటోడైతే ఈపాటికి నా షాపు ముంగట శవం లేస్తుండె. మిలిటరోడంటే గిట్లుండాలె!" అని నన్ను కావలించుకున్నాడు. నాకు నోరు పెగల్లేదు. దాన్ని కూడా ఆయన వినయం అనుకున్నాడు. సాయంత్రానికల్లా ఆ వీడియో నగల వ్యాపారుల గ్రూపులన్నీ తిరిగేసింది.

డ్యూటీ దిగి మెట్రో స్తంభాల కిందుగా అమీర్‌పేటకు నడిచాను. మెట్లు ఎక్కుతూనే అరవడం మొదలుపెట్టాను.

"మోసం జేసిన్రు పెద్దాయన! పనికిరాని తుపాకి అంటగట్టిన్రు! గిదేం మర్యాద?"

"లోపలికి రా. మెట్ల మీద అరవకు, పక్కవాళ్లు వింటారు" అని ఆయన టీవీ ఆపేశాడు. "ఇప్పుడు చెప్పు."

"గీ ముక్కు అరగదీసి ఉన్నది. ఇది పేలదు!"

"పేలదు. నేనే అరగదీశాను. అది సరే, నీకెలా తెలిసింది?"

ఆ ప్రశ్న నేను ఊహించలేదు. దారంతా ఆయన ఏం సాకులు చెబుతాడో, నేనేం సమాధానం చెప్పాలో అనుకుంటూ వచ్చాను.

"తుడుస్తుంటే... కనవడ్డది."

"ఇన్ని నెలలుగా తుడుస్తున్నావుగా. ఇవాళే కనబడిందా?"

మంచినీళ్లు తెస్తున్న ఆయన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"నొక్కావన్నమాట" అన్నాడాయన.

అరుస్తూ వచ్చినవాణ్ణి అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. మొత్తం చెప్పాను. రెండోసారి ఒత్తిన సంగతి ఒక్కటీ మింగేశాను. ఆయన తిట్టలేదు. "ఆ మనిషి ఇంటికెళ్లాడుగా? బాగానే ఉన్నాడుగా?" అని అడిగి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

తర్వాత తన సంగతి చెప్పాడు. ఒకనాడు బ్యాంకులో భోజనం వేళ షట్టర్ దించుతుంటే ఒకాయన కిందనుంచి దూరి లోపలికి వచ్చాడట. ఇంట్లో ఎవరికో బాగోలేదు, మందులు కొనాలని ఏడుస్తున్నాడట. ఈయనేమో అతని మాట వినకుండానే రివాల్వర్ తీశాడు. వేలు ట్రిగ్గర్ మీదికి పోయింది. క్యాషియర్ వచ్చి చెయ్యి పట్టుకోబట్టి ఆగింది. "మర్నాడే ఆకురాయి కొనుక్కొచ్చాను తమ్ముడూ. నా చేతిని నేను మార్చుకోలేను, దాని ముక్కయితే అరగదీయగలను అనిపించింది. ఆ తర్వాత జనాన్ని భయపెట్టడానికి అది చాలింది."

"మరి నాకెందుకు జెప్పలే?"

"చెబుదామనే పెట్టె మీద చెయ్యి పెట్టాను. నువ్వేమో ఒత్తితే పడాల్సిందే అన్నావు. అప్పుడు మూసేశాను." తువ్వాలు భుజాన వేసుకుని మళ్లీ అన్నాడు. "అయినా నేను చేసింది మంచిపని కాదు. నిజం దొంగెవడైనా వచ్చి నిన్ను పొడిచేస్తే ఆ పాపం నాదేగా? ఆ భయంతోనే సాయంత్రాలు మీ షాపు ముందునుంచి ఓసారి నడిచి వెళ్లేవాణ్ణి. నువ్వు బాగానే ఉంటే ఇంటికొచ్చి అన్నం తినేవాణ్ణి. నువ్వు చూసి ఉండవులే."

చూడలేదు. చేతిలో గొడుగుతో ఒక ముసలాయన నా ముందునుంచే రోజూ నడిచి పోతుంటే నేను చూడలేదు.

తుపాకులు అమ్మేవాడికి ఇస్తే ఆ ముక్కు కొత్తది వేసి ఇస్తాడు. పెద్ద పనేం కాదు. నేను వేయించలేదు. అలా దాచడం సేటును మోసం చేయడమే కదా అని మీరంటే, అవును, అది కూడా మోసమే. ఒక మోసం వదిలించుకుందామంటే ఇంకోటి తగులుకునేది. ఉద్యోగం మానిన రోజున దాన్ని స్టేషన్‌లో అప్పగించి, పేలదని అప్పుడు చెప్పాను. అక్కడున్న ఎస్సై నవ్వి, ఇన్నాళ్లూ దేనితో కాపలా కాశావయ్యా అన్నాడు.

ఆ మనిషి ఎక్కడ కంప్లయింట్ ఇస్తాడోనని సేటుకు భయం పట్టుకుంది. కొన్ని రోజులకు ఒక స్వీట్ల డబ్బా ఇచ్చి నన్నే బోరబండ పంపాడు. "నువ్వే పోవాలె హవల్దార్ సాబ్. ప్రాణం నిలవెట్టినోనివి నువ్వే కదా" అన్నాడు. అతను టైలర్. ఇంటి ముందు గదిలోనే మిషన్. జాకెట్టు ముక్కలు చుట్టూ పరుచుకుని కుడుతున్నాడు. నన్ను చూసి మిషన్ ఆపాడు కానీ లేవలేదు. భార్య మాత్రం ఎదురొచ్చి కుర్చీ తుడిచి వేసింది.

"కూసోండ్రన్నా. గా రోజు వేరేటోడైతే కాల్చి పారేస్తుండె. మీరు మనిషిని సూసిన్రు. రోజూ దీపం కాడ మిమ్మల్ని తల్సుకుంట" అంది. తర్వాత నా చొక్కా మీద ఆమె కన్ను పడింది. గుండీ లేని చోట పిన్నీసు పెట్టుకుని తిరుగుతున్నాను. "అయ్యో, గిదేంది? మా ఆయన వీకిండు కదా, మా ఆయననే కుడ్తడు. ఒంటి మీద కుట్టద్దంటరు, ఇప్పుండ్రి."

వద్దన్నా వినలేదు. యూనిఫాం విప్పి ఇచ్చి, చంక దగ్గర చిరిగిన బనీనుతో ఆ కుర్చీలో కూర్చున్నాను. టీ పెట్టడానికి ఆమె లోపలికి పోయింది. అతను గుండీ వెతికాడు, దారం ఎక్కించాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"రెండుపార్లు ఒత్తినవ్ అన్నా."

"కనవడ్డదా?"

"గంత దగ్గర్నుంచి కనవడదా? గా సుత్తి లేచుడు, పడుడు. మొదటిపారి ఏంది గిది అనుకున్న. రెండోపారికి సమజైంది."

"మరి ఎవ్వరికి ఎందుకు జెప్పలే?"

"ఎవరికి జెప్పాలె? ఆమెకా?" లోపలి వైపు చూసి గొంతు తగ్గించాడు. "నిద్రల లేచి నా ఛాతి మీద చెయ్యివెట్టి సూస్తుంది. గాయన ఆగిండు గదా అనుకొని మళ్ల పంటుంది. గా ధైర్యం సుత గుంజుకోవాల్నా?"

తప్పయింది తమ్మీ అన్నాను. చేతులు జోడించాను కూడా. అతను వినలేదో, వినదల్చుకోలేదో, దారం పళ్లతో తెంపి చొక్కా నా ఒళ్లో పెట్టాడు. "తొడుక్కో. టీ తెస్తుంది" అన్నాడు. అతని చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు.

ఆమె కోసం అతను నోరు మూసుకున్నాడు కాబట్టి నేనూ మూసుకోవాలని నాకు నేను చెప్పుకున్నాను. మంచి సాకు దొరికింది. దాని కింద ఏళ్లు గడిపాను. ఈమధ్య అతనే భార్యకు చెప్పేశానని ఫోన్ చేశాడు. ఆమె ఏమందని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. ఇక సాకు కూడా లేదు.

చివరిగా ఆ ఏటి దసరా సంగతి చెప్పాలి. మా షాపులో ఆయుధ పూజ ఘనంగా జరుగుతుంది. అమ్మవారి పటం ముందు ఎర్ర గుడ్డ పరిచి త్రాసు, తూకపు రాళ్లు, గీటురాయి, కంసాలుల పట్టుకార్లు వరసగా పెట్టారు. అన్నిటికీ మధ్యన నా రివాల్వర్. సేటే స్వయంగా దానికి పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టాడు. పూజ అయ్యాక అందరి ముందూ ఆ వీడియో సంగతి చెప్పి నా భుజాల మీద శాలువా కప్పాడు. చప్పట్లు కొట్టారు. పెద్దాయన మాట చెవిలో గింగురుమంది. దసరాకి పసుపు కుంకుమ పెట్టుకో, అంతకు మించి పని చెప్పకు.

అప్పుడే తలుపు తోసుకుని ఆ ఇద్దరూ వచ్చారు. పండగ జాకెట్ల గిరాకీ అయిపోయింది, పుస్తెలు చేయించుకోవడానికి వచ్చారు. స్కూటర్ వెనక సందులో పెట్టారట. సేటు సంబరపడిపోయి వాళ్లను ముందుకు పిలిచాడు. టైలర్ జేబులోంచి జమ్మి ఆకు తీసి నా చేతిలో పెట్టాడు. దసరానాడు బంగారమని జమ్మి చేతిలో పెట్టినవాడితో అలాయ్ బలాయ్ తీసుకోవాల్సిందే, శత్రువైనా సరే. అతను నన్ను కావలించుకున్నాడు. నేను గురిపెట్టిన గుండె నా గుండెకు తగిలింది. అది మామూలుగానే కొట్టుకుంటోంది. నాదే అదుపు తప్పింది.

ఆమె అమ్మవారికి మొక్కింది. తర్వాత ఎవరూ అనుకోనట్టు వంగి, రివాల్వర్ మీది కుంకుమను వేలితో తీసి మెడలోని పసుపుకొమ్ముకు అద్దుకుంది. "గిదే నా పుస్తెలు నిలవెట్టింది" అని కళ్లు మూసుకుని దానికి రెండు చేతులూ జోడించింది.

నిజమే. ఆమె మొక్కింది సరైనదానికే. ఆ అరిగిన ఇనప ముక్కు ఆమె పుస్తెలు నిలబెట్టింది.

తర్వాత లేచి, శాలువా కప్పుకుని నిలబడ్డ నా వైపు తిరిగి, నాకూ ఒక దండం పెట్టింది. నేను తీసుకున్నాను.